దసరా సెలవుల్లో వరంగల్, విజయవాడ, విజయనగరం: పండగ ట్రిప్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

వినాయక నిమజ్జనం అయిపోగానే ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. బతుకమ్మ ఎక్కడ చూస్తే బాగుంటుంది? దుర్గమ్మ దర్శనానికి ఏ రోజు వెళ్లాలి? కృష్ణలో అమ్మవారి తెప్పోత్సవం ఎప్పుడు? విజయనగరం సిరిమాను ఊరేగింపు ఎన్నో తారీఖు? పిల్లలతో వెళ్లొచ్చా? విడివిడిగా జవాబులు చెప్పేకంటే ఒకే చోట రాయడం మేలనిపించింది. ఎందుకంటే ఈ వేడుకలన్నీ ఒకే ప్రయాణంలో చూడొచ్చు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం, విజయనగరం అన్నిటినీ రైలే కలుపుతుంది. పైగా సద్దుల బతుకమ్మ అష్టమి నాడు, తెప్పోత్సవం దశమి నాడు, సిరిమాను ఆ తర్వాతి మంగళవారం. వరుసగా వస్తాయి కాబట్టి ఒకదాని వెనక ఒకటి పట్టుకుంటూ వెళ్లొచ్చు.

చాలామంది స్కూలు సెలవుల క్యాలెండర్ ముందు పెట్టుకుని ప్లాన్ మొదలుపెడతారు. శని, ఆదివారాలు కలిసొచ్చేలా టికెట్లు తీసేస్తారు. తీరా వెళ్లాక అసలు వేడుక నిన్ననే అయిపోయిందని తెలుస్తుంది. తిథి ముందు, టికెట్ తర్వాత. ఈ ఒక్క వరస మార్చకపోతే మిగతావన్నీ సర్దుకోవచ్చు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ ఏటి తెలుగు పంచాంగం. భాద్రపద అమావాస్య, ఆశ్వయుజ శుద్ధ అష్టమి, దశమి, మూలా నక్షత్రం ఏయే తేదీల్లో పడ్డాయో అందులో చూడాలి.
- ఐఆర్‌సీటీసీ ఖాతా. దానికి ఆధార్ ధ్రువీకరణ ముందే చేసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఇప్పుడు అది తప్పనిసరి.
- అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు. జిరాక్సులు లాడ్జిలో చెల్లినా బస్సులో చెల్లకపోవచ్చు.
- పిల్లలకు, పెద్దవాళ్లకు చేతికి కట్టేందుకు చిన్న చీటీలు. పేరు, మీ ఫోన్ నంబర్ రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.
- తేలికపాటి గొడుగు, చేతిసంచి, నీళ్ల సీసా, సులువుగా విప్పి వేసుకోగల చెప్పులు.
- కొంత నగదు. లక్షల మంది ఒకే చోట ఉన్నప్పుడు ఫోన్ సిగ్నల్ అందక యూపీఐ ఆగిపోతుంది.

1. తేదీలు తిథితో ఖాయం చేసుకోండి

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలవుతుంది. తెలంగాణలో పెత్రమాస అంటారు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. తర్వాత అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మలు. చివరిది దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ. చూడాల్సింది ఈ చివరి రోజే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి ఆ రోజు బతుకమ్మను పేర్చరు. తెలియక ఆ ఒక్క రోజే ఊళ్లోకి దిగి, ఏమీ కనిపించక నిరాశపడి వెళ్లేవాళ్లు ఉంటారు.

తొమ్మిది రోజుల పండగే కదా అని వేళ్ల మీద లెక్కపెట్టకండి. తిథి పెరిగిన ఏడాది లెక్క తప్పుతుంది. 2025లో అమావాస్య సెప్టెంబర్ 21న వచ్చింది, సద్దుల బతుకమ్మ ఎక్కువ చోట్ల 30న ఆడారు, దసరా అక్టోబర్ 2న వచ్చింది. విజయవాడలో దుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి మీద ఆ ఏడు ఉత్సవాలు పదకొండు రోజులు జరిగాయి. అంతకుముందు ఏడాది, 2024లో, సద్దులు అక్టోబర్ 10న, దసరా 12న. ఇంకో సంగతి, సద్దుల రోజు అన్ని ఊళ్లలో ఒకటే కాదు. వేములవాడలో ఏడో రోజే సద్దులు చేస్తారు. అందుకే మీరు వెళ్లే ఊరి గుడిలోనో, ఆ ఊళ్లో ఉన్న చుట్టాన్నో అడిగి తేదీ ఖాయం చేసుకోవాలి.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024లో అక్టోబర్ 15న, 2025లో అక్టోబర్ 7న జరిగింది. దశమి సోమవారమో మంగళవారమో పడిన ఏడాది మాత్రం సొంత లెక్క వేయకండి, వారం తేడా వచ్చే వీలుంది. దేవస్థానం తేదీ ప్రకటించాకే టికెట్ తీయండి.

ఎలా చెక్ చేసుకోవాలి: కాగితం మీద నాలుగు తేదీలు రాయండి. అమావాస్య, అష్టమి, దశమి, తర్వాతి మంగళవారం. రెండు వేర్వేరు పంచాంగాల్లో చూసినా అవే తేదీలు వస్తే సరి. తేడా ఉంటే అక్కడ ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

2. మీకు ఏది ముఖ్యమో తేల్చుకోండి

ఒక ఊరికి ఒక పెద్ద వేడుక చాలు. సద్దుల సాయంత్రం వరంగల్‌లో ఉండి, తెల్లారేసరికి విజయవాడ క్యూలో నిలబడి, అదే రాత్రి విశాఖ బండి ఎక్కాలనుకుంటే మూడింటిలో ఏదీ తృప్తిగా చూడలేరు. నేను చెప్పే వరస ఇది: అష్టమి హనుమకొండలో, నవమి సగం విశ్రాంతి సగం ప్రయాణం, దశమి విజయవాడలో, ఆ తర్వాత మంగళవారం దాకా విశాఖ చుట్టుపక్కల, మంగళవారం విజయనగరంలో. దశమికీ మంగళవారానికీ మధ్య ఎన్ని రోజులు దొరుకుతాయన్నది ఏడాదిని బట్టి మారుతుంది. 2024లో శనివారం దసరా కాబట్టి మధ్యలో రెండు రోజులే. 2025లో గురువారం కావడంతో నాలుగు రోజులు దొరికాయి.

దుర్గమ్మ దర్శనమే మీకు ప్రధానమైతే ఈ వరస మీకు నప్పదు. కింద ఐదో భాగం చదివి నిర్ణయించుకోండి.

3. టికెట్లు, గదులు

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు ఓపెన్ అవుతుంది. సెప్టెంబర్ 30 ప్రయాణానికి ఆగస్టు 1న అన్నమాట. పండగ బండ్లలో సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. అందుకే ముందు రోజే రైలు నంబర్, ప్రయాణికుల పేర్లు సిద్ధం చేసుకోండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రైళ్లన్నీ వరంగల్ మీదుగా వెళ్లవు. కొన్ని నల్గొండ, గుంటూరు దారిలో వెళ్తాయి. "విజయవాడ బండే కదా, మధ్యలో వరంగల్‌లో దిగుదాం" అనుకుని ఎక్కితే అంతే సంగతులు. రెండోది, కాజీపేట, వరంగల్ వేర్వేరు స్టేషన్లు. హనుమకొండ ఆ రెంటి మధ్య ఉంటుంది. ఏది దొరికినా పర్వాలేదు, అక్కడి నుంచి ఆటోలు, సిటీ బస్సులు ఉంటాయి. కానీ టికెట్లో ఏ స్టేషన్ రాసి ఉందో చూసుకోండి.

సికింద్రాబాద్ - విశాఖపట్నం వందేభారత్ వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగా వెళ్తుంది. పగటి ప్రయాణం, పిల్లలతో సుఖంగా ఉంటుంది. అయితే అది విజయనగరం వెళ్లదు. విశాఖలో దిగి బస్సులోనో వేరే రైల్లోనో సుమారు 60 కిలోమీటర్లు వెళ్లాలి. వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది కాబట్టి మీ తేదీకి నడుస్తుందో లేదో చూడండి.

కన్ఫర్మ్ కాకపోతే? తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు ఓపెన్ అవుతుంది. పండగ ముందు రోజుల్లో దాని మీదే ఆధారపడితే టెన్షన్ తప్పదు. వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీల్లో ఎక్కనివ్వరు, ఆన్‌లైన్ టికెట్ అయితే దానంతటదే రద్దవుతుంది. వరంగల్, విజయవాడ మధ్య పగటి ఎక్స్‌ప్రెస్‌లలో జనరల్ బోగీలో మూడు నాలుగు గంటలు సర్దుకోవచ్చు. విజయవాడ నుంచి విశాఖ వరకు మాత్రం, ముఖ్యంగా పెద్దవాళ్లతో, జనరల్ వద్దని నా సలహా.

ఆర్టీసీ రెండు రాష్ట్రాల్లోనూ దసరా స్పెషల్స్ వేస్తుంది. తెలంగాణ స్పెషల్ బస్సుల్లో ఛార్జీ మామూలు కంటే ఎక్కువ ఉండొచ్చు. మహిళలకు ఉచిత ప్రయాణం గురించి కూడా అడుగుతుంటారు. తెలంగాణలో ఆ రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అక్కడి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ సర్వీసుల్లో ఉంది. సూపర్ లగ్జరీల్లో ఇది వర్తించదు, రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల్లో దారంతా వర్తించదు. వరంగల్ నుంచి విజయవాడ బస్సెక్కి ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకోవద్దు.

గదుల విషయం. విజయవాడలో వన్‌టౌన్‌లో, కొండ కిందే గది దొరికితే అదృష్టమనుకుంటారు. ఉత్సవాల రోజుల్లో ఆ వీధుల్లోకి వాహనాలు రానివ్వరు. సామాను మోసుకుని చాలా దూరం నడవాల్సి వస్తుంది. గవర్నర్‌పేట, గాంధీనగర్ వైపు, బస్టాండుకీ రైల్వే స్టేషన్‌కీ అందుబాటులో తీసుకోవడం మేలు. విజయనగరంలో లాడ్జిలు తక్కువ, అవి కూడా ఆ వారం చుట్టాలతో నిండిపోతాయి. విశాఖలో దిగి పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకోండి.

గది బుక్ చేశాక ప్రయాణానికి వారం ముందు లాడ్జికి స్వయంగా ఫోన్ చేసి, "మా బుకింగ్ ఉందా? చెకిన్ ఎన్నింటికి? ఆ రోజు గేటు దాకా ఆటో వస్తుందా?" అని అడగండి. పండగ సీజన్‌లో ఎక్కువ డబ్బిచ్చిన వాళ్లకు గది ఇచ్చేసి, మీరొచ్చాక చేతులెత్తేసే చోట్లు ఉంటాయి. దేవస్థానం గదులు, దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ గుళ్లకు దేవాదాయ శాఖ అధికారిక సైటు, ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర ఉన్నాయి. గూగుల్‌లో పైన కనిపించిన నంబర్‌కి డబ్బు పంపకండి.

4. అష్టమి: హనుమకొండలో సద్దుల బతుకమ్మ

వేయి స్తంభాల గుడికి సాయంత్రం 4 గంటలలోపు చేరుకోండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది. ప్రాంగణం పెద్దదేం కాదు. ఐదు దాటాక వీధులన్నీ బతుకమ్మలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లతో నిండిపోతాయి. గుడి శిల్పాలు నెమ్మదిగా చూడాలంటే ఆ రోజు ఉదయమే ఒకసారి వచ్చి వెళ్లండి, సాయంత్రం అసలు కుదరదు.

ఇక్కడ ఆడినాక బతుకమ్మల్ని పద్మాక్షి గుట్ట దగ్గరి కోనేటికి తీసుకెళ్తారు. గుట్ట కింద రాత్రి దాకా సందడి ఉంటుంది. రెండు చోట్లా చూడాలంటే గుడి దగ్గర ఆరున్నర దాకా ఉండి, ఆ తర్వాత జనంతో పాటే గుట్ట వైపు నడవండి. ఆటో వెతకడం వృథా.

ఏమేం గమనించాలి? అడుగున గుమ్మడి ఆకులు పరిచిన తాంబాలం, పైన రంగులద్దిన గునుగు, తంగేడు, బంతి, చామంతి, కట్ల పూలు, శిఖరాన పసుపు గౌరమ్మ. ఒక్కో ఇంటి పేర్పు ఒక్కో తీరుగా ఉంటుంది. గునుగు పువ్వుకి రంగు అద్ది వరస తప్పకుండా పేర్చిన చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది. నిమజ్జనం అయ్యాక పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకుంటారు. సద్దులు పంచుతారు: పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోర, మలీద. ఎవరైనా చేతిలో పెడితే వద్దనకండి.

వేరే ఊరి ఆడవాళ్లు ఆడొచ్చా? నిస్సంకోచంగా. పక్కవాళ్లను "అక్కా, మేము కూడా కలవొచ్చా" అని అడిగి వలయంలో చేరండి. పాట తెలియకపోయినా చప్పట్లు కలిపి పల్లవి అందుకుంటే చాలు. మగవాళ్లు బయటి వరసలో ఉండి చూడాలి. చేయకూడనివి మూడు: వలయం మధ్యలోకి వెళ్లి సెల్ఫీలు తీసుకోవడం, అడక్కుండా ఆడపిల్లల ఫొటోలు, వీడియోలు తీయడం, బతుకమ్మ మీది పూలు తుంచడం. చెప్పులు పక్కన విడిచే వెళ్లండి.

వరంగల్ వెళ్లలేనివాళ్లు హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ దగ్గర చూడొచ్చు. ఆ సాయంత్రం అటు ట్రాఫిక్ మళ్లిస్తారు, కారు తీయకుండా మెట్రోలో వెళ్లండి. కానీ నన్నడిగితే వేదికలు, మైకులు ఉన్న చోటికంటే మీరు దిగిన కాలనీలో గుడి ముందు ఆడే బతుకమ్మే బాగుంటుంది. పాట చెవికి వినపడుతుంది, మనుషులు పలకరిస్తారు.

మరుసటి రోజు నవమి ఉదయాన్నే బయల్దేరితే రామప్ప చూసి రావచ్చు. వరంగల్ నుంచి 70 కిలోమీటర్లలోపే. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆరింటికి బయల్దేరి భోజనం వేళకు వెనక్కి వచ్చేసి, సాయంత్రం విజయవాడ రైలెక్కండి. లక్నవరం చెరువు కూడా అదే రోజు కలపాలని చూడకండి. బండి తప్పిపోతుంది.

5. విజయవాడ: దర్శనమా, తెప్పోత్సవమా?

ఇంద్రకీలాద్రి మీద నవరాత్రుల్లో అమ్మవారిని రోజుకో అలంకారంలో చూస్తాం. అష్టమికి దుర్గాదేవి, నవమికి మహిషాసురమర్దిని, దశమికి రాజరాజేశ్వరి. మూలా నక్షత్రం రోజు సరస్వతీదేవి. అమ్మవారి జన్మనక్షత్రమని ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించేదీ ఆ రోజే. 2024లో అది అక్టోబర్ 9న, 2025లో సెప్టెంబర్ 29న వచ్చింది. చంటిపిల్లలు, నడవలేని పెద్దవాళ్లు ఉంటే మూలా నక్షత్రం రోజు మానుకోండి. టికెట్ కొంటే తొందరగా అవుతుందన్న ధీమా కూడా ఆ రోజు పనికిరాదు.

తేలిగ్గా దర్శనం కావాలంటే నవరాత్రుల మొదటి రెండు మూడు రోజులు చూసుకోండి, అందులోనూ శని, ఆదివారాలు కాని రోజు. చివరి రోజుల్లో ఎర్రబట్టలు కట్టిన భవానీలు, అంటే అమ్మవారి దీక్ష తీసుకున్న భక్తులు, వేలల్లో వస్తారు, దశమి అయ్యాక కూడా ఒకటి రెండు రోజులు ఆ రద్దీ తగ్గదు.

మన వరసలో మీరు నవమి రాత్రి విజయవాడ చేరతారు. దశమి నాడు దర్శనం, తెప్పోత్సవం రెండూ పెట్టుకుంటే పొద్దంతా క్యూలో గడిచి సాయంత్రానికి ఓపిక ఉండదు. నేనైతే దశమి నాడు కొండ కింద నుంచే దండం పెట్టుకుని, విజయనగరం నుంచి తిరిగొచ్చేటప్పుడు విజయవాడలో దిగి, శుక్రవారం కాని ఒక మామూలు రోజు ప్రశాంతంగా దర్శనం చేసుకోమంటాను. దారిలోదే కదా. పండగ అలంకారం ఉండదు, కానీ అమ్మను నిలబడి చూడగలుగుతారు.

ఎలాగైనా ఆ రోజే చూడాలనుకుంటే క్యూ కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి. నేరుగా కొండ దగ్గరికి వెళ్లి వెనక్కి రావడం చాలామందికి జరిగేదే. ఫోన్లు, బ్యాగులు గదిలోనే వదిలేయండి. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర మళ్లీ ఇంకో క్యూ. సంప్రదాయ దుస్తులు వేసుకోండి. క్యూలోకి వెళ్లే ముందు కుటుంబమంతా ఒక చోటు చెప్పుకోవాలి, తప్పిపోతే అక్కడే కలవాలని. "ఫోన్ చేసుకుందాంలే" అనుకోవద్దు, ఫోన్లు గదిలో ఉంటాయిగా.

తెప్పోత్సవం దశమి సాయంత్రం దుర్గా ఘాట్ దగ్గర. గంగా సమేత దుర్గా మల్లేశ్వరుల ఉత్సవమూర్తుల్ని హంస వాహనం మీద కృష్ణలో విహరింపజేస్తారు. దీపాల వెలుగు నీళ్లమీద పడి ఆ దృశ్యం చాలా బాగుంటుంది. నాలుగింటికల్లా ఘాట్ల వైపు చేరాలి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడనిస్తారా లేదా అన్నది ఆ ఏటి పోలీసు ఆంక్షల్ని బట్టి ఉంటుంది, దాన్ని నమ్ముకుని వెళ్లకండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎగువ నుంచి వరద వస్తుంటే హంస వాహనం నదిలో కదలదు. ఒడ్డునే కట్టి ఉంచి పూజలు చేస్తారు. వానలు బాగా పడిన ఏడు ఇలా జరగడం మామూలే. దశమికి రెండు మూడు రోజుల ముందు నుంచి బ్యారేజీ గేట్లు ఎత్తారా, దిగువకు నీళ్లు వదులుతున్నారా అన్న వార్త చూస్తూ ఉండండి. గేట్లు ఎత్తి ఉంటే విహారం ఉండదనే అనుకుని, పిల్లలకు ముందే చెప్పండి.

పగలు ఖాళీ ఉంటే నది అవతల ఉండవల్లి గుహలు, లేదా కొండపల్లి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. ఈ రోజుల్లో బొమ్మల కొలువుల కోసం కొత్త బొమ్మలు ఉంటాయి కాబట్టి కొనాలనుకుంటే మంచి సమయం. అయితే దశమి నాడు కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి, ముందు రోజో తర్వాతి రోజో వెళ్లండి.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దసరా రోజున రెండు రాష్ట్రాల్లోనూ చిన్న హోటళ్లు, మెస్‌లు చాలా వరకు మూస్తారు. వంటవాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు. మధ్యాహ్న భోజనం ఎక్కడో ముందు రోజే కనుక్కోండి. పిల్లలుంటే పళ్లు, బ్రెడ్, చపాతీలు దగ్గర పెట్టుకోండి.

6. మధ్య రోజులు విశాఖలో

అందరికీ తట్టే మొదటి పేరు అరకు. దసరా సెలవుల్లో కిరండూల్ ప్యాసింజర్‌లో, ముఖ్యంగా అద్దాల బోగీలో, సీటు దొరకడం కష్టం. రోడ్డున వెళ్తే బొర్రా గుహల దగ్గర గంటలకొద్దీ ట్రాఫిక్. అరకు వలిసె పూల కోసం వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా ఆగాలి, అవి నవంబర్, డిసెంబర్‌లలో పూస్తాయి. ఈ రెండు మూడు రోజులు విశాఖలోనే ఉండి కైలాసగిరి, తొట్లకొండ, భీమిలి చూసుకోండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియంకి సోమవారం సెలవు. సిరిమానుకి ముందు రోజు సోమవారమే కదా, దాన్ని ఆ రోజుకి పెట్టుకోవద్దు.

అక్టోబర్ తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖను కుదిపేసింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న శ్రీకాకుళం జిల్లాను ముంచింది. విజయవాడలో విశాఖ రైలెక్కే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. తుపాను సూచన ఉంటే ఆ ఏటికి సిరిమాను వదిలేసి వెనక్కి రావడమే సరైన పని. రైళ్లు రద్దయితే అక్కడే ఇరుక్కుపోతారు.

7. మంగళవారం: విజయనగరం సిరిమాను

ఎత్తైన చింత మాను చివర ఆసనం కట్టి, అందులో పూజారిని అమ్మవారి ప్రతిరూపంగా కూర్చోబెట్టి, మాను గాలిలోకి లేచి ఉండగా ఊరేగిస్తారు. మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న చదురుగుడి నుంచి కోట వరకు మూడు సార్లు తిరుగుతుంది. సిరిమాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. వీటిని చూడకుండా మాను కోసమే ఎదురుచూసేవాళ్లు సగం ఉత్సవాన్ని వదులుకున్నట్టే.

ఊరేగింపు మధ్యాహ్నం తర్వాత మొదలై చీకటి పడే దాకా సాగుతుంది. ఉదయం తొమ్మిది, పదింటికల్లా విజయనగరంలో ఉండండి. అప్పుడే తిని, కోట చుట్టూ ఒకసారి నడిచి, ఎక్కడ నిలబడాలో చూసుకోండి. మొదటి చుట్టుకి తోపులాట ఎక్కువ. మూడో చుట్టుకి కొంచెం నిలకడగా చూడొచ్చు. జనం అరటిపళ్లు విసురుతారు, తలకు తగులుతాయి, చంకలో పిల్లలుంటే జాగ్రత్త. పాత ఇళ్ల సన్‌షేడ్ల మీదికి, తాత్కాలికంగా కట్టిన మంచెల మీదికి ఎక్కకండి. ఎంత బాగా కనిపిస్తుందని పిలిచినా సరే.

గుడులు రెండున్నాయి. రైల్వే స్టేషన్ దగ్గరిది వనంగుడి, మూడు లాంతర్ల దగ్గరిది చదురుగుడి. స్టేషన్‌లో దిగి "పైడితల్లి గుడి" అని అడిగితే వనంగుడి చూపించొచ్చు. ఉత్సవం జరిగేది చదురుగుడి దగ్గర.

వీలైతే సోమవారం రాత్రి తొలేళ్ల ఉత్సవానికీ వెళ్లండి. అమ్మవారి దగ్గర పూజించిన విత్తనాల్ని రైతులకు ఇస్తారు, తమ విత్తనాల్లో కలిపి చల్లుకుంటే పంట బాగా పండుతుందని నమ్మకం. మర్నాటితో పోలిస్తే తోపులాట తక్కువ, ఊరి మనుషులతో మాట్లాడే వీలుంటుంది.

తిరుగు ప్రయాణం రాత్రి ఎనిమిది తర్వాత పెట్టుకోండి. ఆరింటి బండికి టికెట్ తీసి, జనంలోంచి బయటపడలేక రైలు తప్పించుకునేవాళ్లు ఏటా ఉంటారు.

8. బయల్దేరే ముందు, వెళ్లాక చెక్ చేసుకోవాల్సినవి

వారం ముందు: నాలుగు తేదీలు గుడుల ప్రకటనలతో సరిపోయాయా? లాడ్జివాళ్లు ఫోన్‌లో అవునన్నారా? రైలు వరంగల్ దారిలోదేనా?

రెండు రోజుల ముందు: తుపాను సూచన, కృష్ణలో వరద, పోలీసుల ట్రాఫిక్ మళ్లింపుల ప్రకటన. ఆ మళ్లింపు మ్యాప్‌ను ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి, అక్కడ నెట్ రాకపోవచ్చు.

వేడుక దగ్గర: మీరున్న చోటి నుంచి బయటికి రెండు దారులు కనిపిస్తున్నాయా? ఒక్కటే ఉంటే చోటు మార్చండి. మీ చేయి మీ పక్కనే ఉన్న పిల్లవాడి భుజం మీద వేయలేనంత ఇరుకైతే అక్కడ ఉండకండి, ఎంత మంచి చోటైనా సరే. పిల్లలు తప్పిపోతే ముందు దగ్గర్లోని పోలీస్ సహాయ కేంద్రానికి వెళ్లి, 112కి ఫోన్ చేయండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, రైల్లో అయితే 139.

మూడు రోజులే సెలవు దొరికితే

అష్టమి, నవమి, దశమి తీసుకుని హనుమకొండ, విజయవాడతో ఆపేయండి. విజయనగరం మంగళవారం కోసం విడిగా వెళ్లొచ్చు. బతుకమ్మ మాత్రమే కావాలనుకుంటే సద్దులకి ఒక రోజు ముందు వెళ్లి, ఆ ఇంటివాళ్లతో కలిసి పూలు ఏరి, పేర్చి, ఆడి రండి. పరిచయస్తులెవరైనా ఉంటే ఇదే అన్నిటికంటే మంచి ప్లాన్.

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవం గురించి కూడా అడుగుతున్నారు. కర్రలతో తలపడే ఆ ఉత్సవంలో ఏటా చాలామందికి గాయాలవుతాయి. కుటుంబంతో అక్కడికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.